టొరంటో చలిలో పావురాలు: నిషేధం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

టొరంటోలో 2023 ఏప్రిల్ 1 నుంచి పావురాలకు తిండి వేయడం నిషేధం. పార్కులోనే కాదు, సొంత పెరట్లో వేసినా, బాల్కనీలో వేసినా తప్పే. చిన్న పిట్టల కోసం ఇంటి ఆవరణలో ఫీడర్ పెట్టుకుని శుభ్రంగా ఉంచుకుంటే మాత్రం అనుమతి ఉంది. ఈ నిబంధన వచ్చాక కూడా చలి ముదిరితే చాలు, ఇక్కడి తెలుగువాళ్ల మధ్య అదే వాదన మొదలవుతుంది. "పాపం, మూగజీవాలు, నాలుగు గింజలు వేస్తే ఏం పోయింది" అని ఒకరంటారు. "ఫైన్ పడుతుంది, ఎలుకలు చేరతాయి, పక్క ఫ్లాట్‌వాళ్లు కంప్లైంట్ ఇస్తారు" అని ఇంకొకరంటారు. మీ పత్రికను ఇక్కడ చాలామంది ఫోన్లలో చదువుతారు కాబట్టి ఈ విషయం మీ ద్వారా అందరి ముందూ పెట్టాలనిపించింది.

నేను అడిగేది ఒక్కటే. ఏడాదంతా నిషేధం ఉండనివ్వండి. కానీ ఎన్విరాన్‌మెంట్ కెనడా తీవ్ర చలి హెచ్చరిక ఇచ్చిన రోజుల్లోనూ, నేలంతా మంచు గడ్డకట్టిన రోజుల్లోనూ నగరపాలకులే కొన్ని చోట్లు నిర్ణయించి, బాధ్యత తీసుకున్న మనుషుల చేత, కొలత ప్రకారం గింజలు వేయించాలి.

మన ఊళ్లలో చలి వేరు, ఇక్కడి చలి వేరు. హైదరాబాద్‌లో ఎంత చలి పెట్టినా నేల మీద గింజ దొరక్కుండా పోదు. అక్కడ మక్కా మసీదు దగ్గరో, మొజంజాహి మార్కెట్ దగ్గరో జొన్నలు చల్లేవాళ్లది భక్తి, ఇష్టం. చలి పేరు చెప్పి అక్కడ గింజలు వేయాల్సిన అవసరం లేదు. ఇక్కడ డిసెంబరు చివర్లో పగలు సుమారు 9 గంటలే ఉంటుంది. మిగతా 15 గంటలు రాత్రి. పావురం చీకట్లో మేత వెతుక్కోదు. సాయంత్రం లోపల గొంతు కింద ఉండే సంచిలో గింజలు నింపుకుని, వాటిని అరిగించుకుంటూ తెల్లారేదాకా ఒంట్లో వేడి నిలుపుకోవాలి. దాని శరీరం 41, 42 డిగ్రీల వేడి మీద బతుకుతుంది. బయట మైనస్ 15, మైనస్ 20. ఈకలు ఉబ్బించుకుని ఒదిగి కూర్చుంటే కొంతవరకు గడుస్తుంది. కడుపు ఖాళీగా ఉంటే అదీ గడవదు. గడ్డకట్టే వాన పడితే పరిస్థితి ఇంకా కష్టం. 2013 డిసెంబరు మంచు తుపాను ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది, లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. అలాంటప్పుడు గడ్డి పరక నుంచి కాలిబాట దాకా అన్నిటి మీదా గాజుపలక పరిచినట్టు ఉంటుంది. ఏ పక్షి ముక్కూ అందులోకి దిగదు.

"అవి అడవి పక్షులు, వాటి బతుకు అవే చూసుకుంటాయి" అనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఉత్తర అమెరికాకు ఈ పావురాలు తమంతట తాము ఎగిరి రాలేదు. 1600ల మొదట్లో ఐరోపావాళ్లు కూర కోసం, పెంపకం కోసం ఓడల్లో తెచ్చుకున్నారు. తప్పించుకున్నవాటి, వదిలేసినవాటి సంతానమే ఇప్పుడు మన కిటికీల మీద వాలుతున్నది. కొండ చరియల్లో గూడు కట్టుకునే జాతి కాబట్టి మన కాంక్రీటు భవనాలు వాటికి సరిపోయాయి. మనిషే పెంచి వదిలేసిన జీవి ఇది. ఆకలితో రాలిపోతుంటే మాకు సంబంధం లేదనే హక్కు మనకెక్కడిది?

అయితే ఇంత చెప్పాక మనవాళ్లను కూడా ఒక మాట అనక తప్పదు. రాత్రి మిగిలిన అన్నం, పులిహోర, ఎండిన చపాతీ ముక్కలు మంచు మీద కుమ్మరించి పుణ్యం చేశామనుకోవడం చాలా ఇళ్లలో ఉంది. ఆ అన్నం కాసేపటికే రాయిలా బిగుసుకుపోతుంది. మంచు కరిగాక కుళ్లుతుంది, దానికి ఎలుకలు వస్తాయి. ఉప్పు, నూనె, పోపు ఉన్న తిండి పక్షికి మంచిది కాదు. బ్రెడ్ కడుపు నింపుతుందే తప్ప బలం ఇవ్వదు. పావురం గింజలు తినే పక్షి. మొక్కజొన్న, గోధుమ, జొన్న, ఎండు బఠాణీ లాంటివి పొడిగా, వండకుండానే వేయాలి. రోజుకు ఒక్కో పావురానికి 30 గ్రాములు చాలు, చలి రోజుల్లో ఇంకాస్త. యాభై పావురాలకు కిలోన్నర చాలనుకుంటే, బస్తాలు కుమ్మరించే దానధర్మం ఎంత వృథానో అర్థమవుతుంది. పొడి గింజలు తిన్న పక్షికి నీళ్లు కూడా కావాలి. మంచు తిని దాహం తీర్చుకోవచ్చు కానీ, దాన్ని కరిగించడానికి ఒంట్లో ఉన్న కాస్త వేడీ ఖర్చవుతుంది. గోరువెచ్చని నీళ్ల గిన్నె గురించి ఎవరూ ఆలోచించరు.

ఇంకో వైపు ఇబ్బందిని కూడా నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఏళ్ల తరబడి పీల్చినవాళ్లలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇంటి పక్క బాల్కనీలో రోజూ గింజలు చల్లడం దయ అనిపించుకోదు. పైగా ఏడాది పొడవునా మేత దొరికితే పావురాలు దాదాపు ఏడాది పొడవునా పిల్లలు పెడతాయి. ఎందుకంటే తల్లీ తండ్రీ రెండూ గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థంతోనే పుట్టిన కొత్తలో పిల్లల్ని పోషిస్తాయి. మిగతా పిట్టల్లా పురుగుల కాలం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఈ నెల మనం మురిసిపోతూ వేసిన మేతకు పుట్టిన పిల్లలు వచ్చే నెల చలిలో చస్తాయి. అందుకే ఏడాదంతా నిషేధం ఉండటం సబబేనంటున్నాను.

అలాగని నిషేధించి చేతులు దులుపుకున్న ఊళ్ల సంగతీ, ఓపికగా పని చేసిన ఊళ్ల సంగతీ రెండూ మన ముందున్నాయి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1961 నుంచి 1985 దాకా దాదాపు లక్ష పావురాలను చంపారు. సంఖ్య తగ్గలేదు, ఖాళీ అయిన చోటును కొత్తవి నింపాయి. 1988 నుంచి పద్ధతి మార్చారు. విచ్చలవిడి మేత ఎందుకు కూడదో జనానికి వివరించారు, నగరమే గూళ్లు కట్టించి వాటిలో గుడ్లు తీసేయించింది. నాలుగైదేళ్లలో సంఖ్య దాదాపు సగానికి వచ్చింది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లోనూ అంతే. గూట్లోనే శుభ్రమైన మేత, నీళ్లు పెడతారు, అసలు గుడ్ల చోట నకిలీ గుడ్లు ఉంచుతారు. రెట్ట చాలావరకు గూట్లోనే పడుతుంది కాబట్టి ఊడ్చి తీసేయడం తేలిక. అదే జర్మనీలో లింబర్గ్ అనే పట్టణం పావురాలను చంపాలా వద్దా అని 2024 జూన్‌లో ఓటింగ్ పెడితే, చంపడానికే ఎక్కువ మంది ఒప్పుకున్నారు. చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. ముంబైలో 2025లో పావురాలకు మేత వేసే దాదర్ కబూతర్‌ఖానా మూసినప్పుడు అయిన గొడవ మీ పత్రిక పాఠకులకు తెలిసిందే. కోర్టుల దాకా వెళ్లాక, చివరికి కొన్ని చోట్ల, ఉదయం పూట మాత్రమే అనే దారికి వచ్చారు. ఆ మధ్యే మార్గమేదో గొడవకు ముందే వెతుక్కుంటే పోయేది కదా.

టొరంటోలో చలి పెరిగినప్పుడు ఇల్లు లేనివాళ్ల కోసం నగరం వార్మింగ్ సెంటర్లు తెరుస్తుంది. మనుషుల డబ్బు పక్షులకు మళ్లించమని నేను అడగడం లేదు, ముందు మనుషులే. నాలుగైదు గూళ్లు, కొన్ని బస్తాల మొక్కజొన్న, చేయి కలిపే వాలంటీర్లు. పెద్ద ఖర్చు కాదిది. నిబంధనలో తీవ్ర చలి రోజులకు చిన్న మినహాయింపు రాస్తే మొదటి అడుగు పడినట్టే.

అంతవరకు చట్టాన్ని దాటి దొంగచాటుగా గింజలు వేయమని ఎవరికీ చెప్పను. దానివల్ల పక్షులకు మేలు జరగదు, పక్కింటివాళ్లతో పగ పెరుగుతుంది. దెబ్బ తగిలిన పావురమో, కాలి వేళ్లకు దారం, జుట్టు చుట్టుకుని కుంటుతున్నదో కనిపిస్తే నగరపాలకుల ఫోన్ నంబరు 311కి గానీ, టొరంటో వైల్డ్‌లైఫ్ సెంటర్‌కి గానీ చెప్పవచ్చు. శిబి చక్రవర్తి కథ పిల్లలకు చెప్పే ఇళ్లలో ఆ పాటి ఓపిక ఉంటుందనే నా నమ్మకం.

నగర బడ్జెట్ మీద చర్చలు జనవరిలో మొదలవుతాయి, మామూలు జనం కూడా పేరు నమోదు చేసుకుని మాట్లాడవచ్చు. కౌన్సిల్‌లో మేయర్ కాక 25 మంది వార్డు సభ్యులున్నారు, ఎవరి వార్డు సభ్యుడికి వాళ్లు ఈమెయిల్ రాయవచ్చు. సంక్రాంతి సంబరాలు చేసే ఇక్కడి తెలుగు సంఘాలు ఈ ఒక్క అర్జీ తమ పేరు మీద పంపితే, మిగతా భాషలవాళ్లను కలుపుకోవడానికి నాలాంటివాళ్లం తిరుగుతాం. అర్జీ ముసాయిదా రాయడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
స్కార్‌బరో, టొరంటో