రోయింగ్ ప్రాక్టీసు ఆగింది, ఇంట్లో ఏం చేయించాలి?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, యూనిఫాం సంగతులు తర్వాతి పేజీలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం రోయింగ్ (తెడ్ల పడవ పందెం) గురించే రాస్తున్నాను, ఎందుకంటే గోదావరికి వరద వచ్చి ప్రాక్టీసు ఆపినప్పటి నుంచి నాకు వస్తున్న ఫోన్లన్నీ దాని గురించే. "మొదటి ప్రమాద హెచ్చరికే కదండీ, మన పాయలో నీళ్లు గట్టు అంచుకి కూడా రాలేదు, ఎందుకంత టెన్షన్" అని కొందరు. "సెలక్షన్లకి మావాడు వెనకబడిపోతాడేమో మేడం" అని ఇంకొందరు.

ముందు నీళ్ల సంగతి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి 10 లక్షల క్యూసెక్కులు కిందకి వదిలితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది, 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది, ఇవి మీకు నాకంటే బాగా తెలుసు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు లంకల్లో ఎలా ఉందో కూడా మీరే చూశారు. కానీ మన పిల్లలు ఎక్కేది పంటు కాదు, ఇంజను పడవ కాదు. ఒక్కరే కూర్చునే పందెం పడవ బరువు నిబంధనల ప్రకారం 14 కిలోలుంటే చాలు, అంటే మీ ఇంట్లో బియ్యం బస్తా కంటే తేలిక, పొడవు మాత్రం ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది, వెడల్పేమో మనిషి కూర్చోవడానికి సరిపోయేంత. పైగా తెడ్డు వేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు, పడవ ఎటు పోతుందో అటు వాళ్ల వీపు ఉంటుంది. ఎర్రనీళ్లలో దుంగలూ గుర్రపుడెక్క తెట్టెలూ కొట్టుకొస్తుంటే అటు చూడకుండా వెళ్లే పడవలోకి మీ పిల్లని ఎక్కించమని ఏ నోటితో అడుగుతారు? 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగింది గుర్తున్నవాళ్లెవరూ అడగరు. కాలువలో చేయించొచ్చు కదా అన్నవాళ్లకి కూడా ఇదే జవాబు, ఈ రోజుల్లో లాకుల దగ్గర, వంతెనల కింద నీటి గుంజుడు ఎంతుంటుందో రైతులనడగండి.

కొందరు పిల్లలు నాటు పడవో తాటిదోనో తీసుకుని సాయంత్రాలు "మా అంతట మేమే" అంటున్నారని విన్నాను. అది ప్రాక్టీసు కాదు. నా దాకా వస్తే ఆ పిల్లలు ఈ సీజనంతా టీమ్‌లో ఉండరు, సిఫారసులు పనిచేయవు.

ఇక వెనకబడిపోతారన్న భయం. పోటీ దూరం 2000 మీటర్లు, బాగా చేసేవాళ్లకి కూడా ఆరేడు నిమిషాలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం నడిచేది దమ్ము మీద. పని ఆపేస్తే రెండు మూడు వారాల్లో ముందు తగ్గేది కూడా ఆ దమ్మే, కండబలం అంత తొందరగా పోదు. చూసేవాళ్లకి చేతుల ఆటలా కనిపిస్తుంది కానీ తెడ్డు లాగేటప్పుడు బలమంతా కాళ్లతో మొదలవుతుంది, సీటు జారేది అందుకే. కాళ్లు తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివర్న చేతులు. ముందుకి వచ్చేటప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి. కాబట్టి డంబెల్స్ కొనిపెట్టమని మీవాడు గోల పెడుతుంటే కొనకండి, గుంజీళ్లు తీయించండి. మనం బడిలో శిక్షగా వేసినవే, వీపు నిటారుగా పెట్టి, తొందర పడకుండా తీస్తే అంతకంటే మంచి వ్యాయామం ఈ ఆటకి తక్కువ.

ఇంకొకటి మా పీఈటీ మాస్టారు చెబితేనే నాకూ తెలిసింది. తెడ్డు నీళ్లలో దించే క్షణంలో మోకాళ్లు పూర్తిగా ముడుచుకుని చీలమండలు బాగా వంగాలి. మడమలు నేలకి ఆనించి గొంతుక్కూర్చోగలిగిన పిల్లలకి అది ఊరికే వచ్చేస్తుంది. కుర్చీకీ కమోడ్‌కీ అలవాటైపోయినవాళ్లకి రాదు, మడమలు లేచిపోతాయి, దాన్ని సరిచేసుకోవడానికి నడుము గూనిలా వంచుతారు, అక్కడి నుంచే నడుంనొప్పి. రోజూ కాసేపు అలా గొంతుక్కూర్చోబెట్టండి, వంటగదిలో కూరగాయలు తరిగిస్తూ కూర్చోబెట్టినా నాకు అభ్యంతరం లేదు. కాళ్లు చాపి కూర్చుని బొటనవేళ్లు అందుకోవడం కూడా, కానీ గుంజి గుంజి కాదు.

దమ్ముకి పరుగు, స్కిప్పింగ్. గట్టు మీద పరిగెత్తొద్దు, అక్కడ ఇసుక బస్తాల పని జరుగుతోంది, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి, గట్టు నాని ఉంది. బడి గ్రౌండు ఉదయం ఆరింటికి తెరిచే ఉంటుంది. పరిగెడుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి, అంత నెమ్మదిగానే, అరగంట పైన. మనవాళ్లకి ఇది నచ్చదు, ఆయాసం వచ్చి పడిపోతేనే కష్టపడ్డట్టు అనుకుంటారు, కానీ ప్రపంచంలో పెద్ద రోయర్లు కూడా ఎక్కువ గంటలు ఇలా నింపాదిగానే చేస్తారు.

బడిలో ఉన్న ఒక్క రోయింగ్ మెషిన్‌కి వంతులు వేశాం, జాబితా నోటీసు బోర్డు మీద ఉంది. దాని పక్కనున్న లివర్‌ని పదికి పెట్టి లాగి ఫోటోలు దిగుతున్నారు మన హీరోలు. అది ఎక్కువ పెడితే గొప్పేం కాదు, లాగడం బరువెక్కి నడుము మీద పడుతుంది అంతే, మూడు నుంచి ఐదు మధ్య ఉంచమని మాస్టారు రోజూ అరుస్తున్నారు. నిమిషానికి పద్దెనిమిది, ఇరవై సార్లు లాగితే చాలు, ప్రతిసారీ ఒకేలా. వీపు కింది భాగంలో కానీ పక్కటెముకల్లో కానీ నొప్పి అంటే దాచొద్దని మీరు కూడా చెప్పండి. ఈ ఆటలో దెబ్బలు ఎక్కువగా అక్కడే, పక్కటెముక నొప్పిని జండూబామ్‌తో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించాలి.

అరిచేతుల్లో కాయలు చూసి కొందరు అమ్మలు బాధపడుతున్నారు. వాటిని బ్లేడుతో చెక్కనివ్వకండి. అవి మెత్తబడితే మళ్లీ నీళ్ల మీదకెళ్లిన మొదటి రోజే బొబ్బలు. పగిలితే శుభ్రంగా కడిగి పొడిగా ఉంచండి, ముఖ్యంగా ఈ వరద నీళ్లు తగలనివ్వకండి.

తిండి గురించి. పులసలు పెట్టక్కర్లేదు (పెడితే నన్ను కూడా పిలవండి). మధ్యాహ్నం బడిలో గుడ్డు ఉంది, రాగిజావ ఉంది. రాత్రి అన్నంతో పప్పు, పెసలు, మామూలు చేపలు చాలు. తాగే నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే. బరువు తగ్గితే పడవ తేలిగ్గా పోతుందని రాత్రి భోజనం మానేస్తున్న ఆడపిల్లలున్నారని తెలిసింది. బరువు తక్కువవాళ్ల విభాగం ఉంది కదా అంటారు, ఒలింపిక్స్‌లో దానికి 2024 పారిసే ఆఖరు, 2028లో లేదు. ఉన్నా సరే, ఎదిగే పిల్లకి అన్నం మాన్పించే ఆట మాకొద్దు. ఎనిమిది గంటల నిద్రకి తగ్గకూడదు. ఫోన్లో భద్రాచలం నీటిమట్టం చూస్తున్నానని పన్నెండింటి దాకా మేలుకునేవాళ్లు ఎక్కువైపోయారు, అది పెద్దవాళ్ల పని.

లంక ఊళ్ల పిల్లలకి పైన రాసినవేవీ వర్తించవు. పశువుల్ని గట్టెక్కించి, సామాను మోసి, మోకాలిలోతు నీళ్లలో తిరిగిన పిల్లకి మళ్లీ గుంజీళ్లేమిటి? వాళ్లని పడుకోనివ్వండి. కాజ్‌వేలు మునిగి రాలేకపోయిన రోజులకి టీమ్‌లో వాళ్ల స్థానం ఎక్కడికీ పోదు, ఇది మాస్టారితో మాట్లాడే రాస్తున్నాను. పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లెవరికైనా పుస్తకాలు, బట్టలు కావాలంటే మొహమాటపడకుండా నాకు చెప్పండి.

నీళ్ల మీదకెళ్లకపోతే రోయర్ అవుతాడా అని ఒకాయన అడిగారు. దత్తు భోకనల్ అనే అతనున్నారు, మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, కరువు ప్రాంతం, తండ్రితో కలిసి బావులు తవ్వే పని చేసినవాడు. 2012లో సైన్యంలో చేరాకే తెడ్డు పట్టుకున్నాడు, 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్లి 13వ స్థానంలో నిలిచాడు, 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో స్వర్ణం. మనకేమో నీళ్లు ఎక్కువై ఆగాం. ఎన్ని రోజులంటారు, గోదావరి తీసేంత వరకే కదా.

హెచ్చరిక ఎత్తేసిన మర్నాడే పడవలు దించం. దుంగలు రావడం ఆగాలి, రేవులో ఒండ్రు తీయాలి, మాస్టారు ముందుగా తనే ఒకసారి వెళ్లి చూసి రావాలి. మొదటి వారం సగం దూరమే. పడవ తిరగబడితే ఈదుకుంటూ ఒడ్డుకి పోకుండా పడవనే పట్టుకుని ఉండాలన్నది మళ్లీ అందరికీ చెప్పించాకే తెడ్లు ఇస్తాం. కబురు బడి గ్రూప్‌లో నేను కానీ మాస్టారు కానీ పెడతాం, ఎవరో ఫార్వర్డ్ చేసింది నమ్మి పిల్లల్ని రేవుకి పంపకండి. అంగీకార పత్రాలు కూడా కొత్తగా ఇస్తున్నాం, ఈసారి "ఈత వచ్చునా" అన్న గడి ఖాళీగా వదిలిన కాగితం తీసుకోం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు