బందరు రోడ్డు మీద ఆ పాత హాలు

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయలేదని ఈపాటికి నాలుగు తిట్టే ఉంటావు. మనూరి టౌన్ హాలు గోడలు మళ్ళీ ఉబ్బాయని రాశావు చూడు, ఆ ముక్క బుర్రలోంచి పోవడం లేదు. నిన్న బందరు రోడ్డులో ఏదో పని మీద వెళ్ళి, ఆ పని కాస్తా వదిలేసి బాపు మ్యూజియంలో దూరాను. ఇన్నేళ్ళుగా దాని ముందు నుంచే సిటీ బస్సులో తిరుగుతూ ఒక్కసారీ దిగలేదంటే నమ్ముతావా?

మన పెద్దవాళ్ళు విక్టోరియా మ్యూజియం అనేవాళ్ళే, అదే ఇది. 2020లో ముస్తాబు చేసి పేరు మార్చారు. రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళయిన సంబరానికి 1887 జూన్‌లో ఈ హాలుకు శంకుస్థాపన జరిగింది. చేసినాయన అప్పటి కలెక్టరు రాబర్ట్ స్యూయెల్. ఎవరనుకున్నావు, విజయనగర సామ్రాజ్యం చరిత్ర రాసినాయనే! అంతకు పదేళ్ళ ముందు మన అమరావతి స్తూపం దగ్గర తవ్వించిందీ ఆయనే. అలాంటి రాళ్ళ పిచ్చి మనిషి పునాది వేసిన చోటికే 1962లో పురావస్తు ప్రదర్శనశాల వచ్చి చేరింది. లోపల అల్లూరు నుంచి తెచ్చిన తెల్లరాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. ఆయన ముందు ఓ పావుగంట నిలబడిపోయాను, కాళ్ళు లాగేదాకా.

ఇంకో తమాషా చెప్పనా? బెజవాడకు మునిసిపాలిటీ వచ్చింది 1888లో. అంటే హాలుకు రాయి ముందు పడింది, మునిసిపాలిటీ తర్వాత వచ్చింది. ముందు పందిరి వేసి, ఆనక సంబంధం వెతికినట్టు లేదూ! ఊరు కూడా ఎంతని, 1901 లెక్కల్లో సైతం 24 వేల మందే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి, కాలవల్లో పడవలు తిరిగి, నాలుగు డబ్బులు ఆడాకే ఇలాంటి ముచ్చట్లు మొదలైనట్టున్నాయి.

అసలు కథ 1921ది. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఇక్కడే కూర్చుంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు, ఇవీ ఆ రెండు రోజుల్లో అనుకున్నవి. భట్లపెనుమర్రులో పుట్టిన మన పింగళి వెంకయ్య గారు జెండా గాంధీగారికి చూపించిందీ అప్పుడే. ముందు ఎరుపు, ఆకుపచ్చ రంగులే ఉండేవి, తెలుపు గాంధీగారు చేర్చమన్నది. రాణిగారి పేరున లేచిన హాల్లో ముప్పై నాలుగేళ్ళకు ఇదీ జరిగిన పని! స్యూయెల్ దొర ఆ రోజు రాయి వేస్తూ దీన్ని కలలోనైనా అనుకుని ఉండడు.

కట్టడాన్ని ఇండో-యూరోపియన్ పద్ధతి అంటారు. నా భాషలో చెప్పాలంటే మొహం దొరది, ఒళ్ళు మనది. ఆ గోడ పక్కన నిలబడితే మనూరి హాలే గుర్తొచ్చింది. బయట మాడు పగిలే ఎండ కాస్తున్నా లోపల కిటికీ అరుగు మీద కూర్చుంటే వీపుకి చల్లగా తగిలేది, గుర్తుందా? రాత్రి ఫోన్లో మా పెద్దమామయ్యను అడిగాను. ఆయన మేస్త్రీ పని చేసినవాడు కదా, అరగంట వదల్లేదు. సున్నం, ఇసుక కలిపి గానుగలో ఎద్దులతో తిప్పించేవారట. అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారట. పైకప్పేమో మద్రాసు టెర్రస్. టేకు దూలాలు పరిచి, వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో బిగించడం.

గోడలు ఎందుకు ఉబ్బుతున్నాయో కూడా ఆయనే చెప్పాడు. సున్నం గోడ నేలలోని చెమ్మను పీల్చి మెల్లగా బయటికి వదిలేస్తుంది. మనవాళ్ళు ఏం చేశారు? పైన సిమెంటు పూత, దాని మీద లప్పం, దాని మీద తళతళలాడే పెయింటు. చెమ్మకు దారి లేదు. లోపలే నానిపోయి, ఉప్పు పట్టి, పెచ్చులు ఊడుతోంది. "ఉక్కపోతలో నైలాన్ చొక్కా తొడిగినట్టేరా" అన్నాడు మామయ్య. కాంట్రాక్టరుకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పినా వినడు. హాలు కూలగొట్టి ఫంక్షన్ హాలు కడతారన్న మాట నిజమైతే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, రాత్రి బస్సుకైనా వచ్చేస్తాను.

ఒక పని చేసిపెట్టాలి. మెట్ల పక్కన గోడలో శిలాఫలకం ఉండాలి, దాన్ని మూసేస్తూ జనరేటర్ పెట్టారు కదా. వాచ్‌మన్ తాతకు టీ తాగించి దాన్ని జానెడు జరిపించు. ఫోటో తీస్తే అరిగిన అక్షరాలు పడవు. రాయి మీద పల్చటి కాగితం పెట్టి బొగ్గుతో రుద్దు, అక్షరాలు తేలతాయి. ఆ కాగితం మడతపెట్టకుండా చుట్టి పంపు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు. గోంగూర పచ్చడి సీసా ఖాళీ అయిపోయిందని మెల్లగా చెవిన వెయ్యి.

నీ
రాంబాబు