రెండు కవర్లు

చిట్టితల్లీ,

భీమిలి ఫీల్డ్ ట్రిప్ బోర్ కొట్టింది, ఇసకా గడ్డీ తప్ప ఏముందమ్మా అన్నావు కదా ఫోన్లో, నాకు నవ్వాగలేదు. డిగ్రీలో నేనూ అదే అనుకుని పై మట్టీ కింది మట్టీ ఒకే కవర్లో పోసి తెచ్చేశా, మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ అంకెలేమో పక్కమ్మాయి రికార్డు చూసి ఎక్కించేశా. మీ నాన్నకి కూడా తెలీదు ఈ సంగతి.

శనివారం మళ్ళీ వస్తున్నారుగా, ఈసారి నీళ్ళ అంచు నుంచి లోపలికి తాడు పట్టుకుని నడువు. మొదట ఏమీ ఉండదు, తర్వాత బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు. ఇసక మీద పడి కప్పేసినా కణుపు కణుపుకీ వేళ్ళు దించుకుంటా పోతాయి అవి, వాటికి అడ్డం పడి ఇసక ఆగి దిబ్బవుతుంది. ఇంకా లోపల మొగలి, సరుగుడు. 1899లో కౌల్స్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డు దిబ్బల మీద ఇలాగే నడిచి, లోపలికి పోయేకొద్దీ దిబ్బ వయసు పెరుగుతుందని చెప్పాడు. అయితే మన దగ్గర అదే మక్కీకి మక్కీ రాసేయకు. అంచున వేరే మొక్కలు లేకపోవడానికి వయసే కాదు, ఉప్పుగాలి కూడా కారణమే. సరుగుడేమో మనుషులు నాటిన తోట, దాన్ని క్లైమాక్స్, అంటే తనంతట తానే ఎదిగి చివరికి స్థిరపడ్డ అడవి, అని రాస్తే మేడం ఎర్ర పెన్ను తీస్తుంది!

అందుకే మొక్కల్ని చూసి ఊరుకోకుండా పై మట్టీ కింది మట్టీ తవ్వి చూడమంటున్నా. అంచున పైనా కిందా ఒకటే ఇసక. సరుగుడు కింద రాలిన ఆకు చివికి పైన నల్లటి పొర కనపడుతుంది, దాని కింద మళ్ళీ ఇసకే. గవ్వల సున్నం వానకి కరిగి దిగిపోతే పీహెచ్ కూడా తగ్గుతుంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం తవ్వొద్దమ్మా, వాన కోసిన గట్లే చాలు, వేల ఏళ్ళ నాటి ఇసక ఇనుము తుప్పు పట్టి ఎలా ఎర్రబడిందో తెలుస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, కైలాసగిరి మోడైపోయిందని ఏడ్చావు. మళ్ళీ అంత తొందరగా పచ్చబడింది ఎందుకనుకున్నావ్, చెట్లు పడ్డా మట్టీ వేళ్ళూ విత్తనాలూ అక్కడే ఉన్నాయి. ఇసకకి ఆ ఆస్తి లేదు, సున్నా నుంచి మొదలెట్టాలి. మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి నేలని కప్పడాన్ని మీరు సక్సెషన్ అంటారే, అందులో ప్రైమరీ, సెకండరీ తేడా అంతా అదే.

బస్సు మద్దిలపాలెంలో టీకి ఆగితే ఫోన్ చెయ్యి, పులిహోర డబ్బా తెస్తా. దాంతోపాటే రెండు కవర్లు, స్కెచ్ పెన్‌తో పైన, కింద అని రాసేసి ఉంచా.

అమ్మ