టీకా మాట గేటు దగ్గర కాదు, ఆరు వారాల ముందే రావాలి: కేంద్ర ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2022 మే 2న ఎవరి శరీరం మీద వారికే హక్కని, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని కోవిడ్ టీకాల మీద వేసిన జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే రోజు రాత్రి మలప్పురం జిల్లా మంజేరిలోని పయ్యనాడ్ స్టేడియంలో కేరళ జట్టు బెంగాల్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి జాతీయ ఫుట్‌బాల్ టోర్నీ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఫుట్‌బాల్‌ను అంతగా ప్రేమించే జిల్లాలు మన దేశంలో చాలా తక్కువ. టీకాల మీద అనుమానాలు బలంగా పాతుకుపోయిన ప్రాంతంగా ఆరోగ్యశాఖ రికార్డులకెక్కిన జిల్లా కూడా అదే. 2015, 2016లో అక్కడ కంఠసర్పి (డిఫ్తీరియా) పిల్లల ప్రాణాలు తీసింది. 2022 నవంబరులో తట్టు (మీజిల్స్) ప్రబలినప్పుడు రాంచీ, అహ్మదాబాద్‌లతో పాటు మలప్పురానికీ మీ మంత్రిత్వ శాఖే నిపుణుల బృందాన్ని పంపింది.

అందుకే ఫుట్‌బాల్ అభిమానుల మధ్య నాలుగేళ్లకు పైగా నలుగుతున్న వాదన మీ ముందుంచుతున్నాం. "నా ఒళ్లు, నా ఇష్టం" అని ఒకరంటారు. "నీ ఇష్టం నా బిడ్డ మీదికి రాకూడదు" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా వాదించుకోవడం వల్లే ఇది తెగడం లేదు. క్రీడా కార్యక్రమాలకు టీకా నియమాలు ఏ జబ్బుకా జబ్బుగా, ఇప్పుడే, ఏ మహమ్మారీ తలుపు తట్టని ఈ రోజుల్లోనే రాయించమని కోరుతున్నాం.

ఈ వాదన రాజుకున్నది జర్మనీలో. 2021 అక్టోబరు 23న హాఫెన్‌హైమ్‌పై బయెర్న్ మ్యూనిక్ 4-0తో గెలిచాక, తాను కోవిడ్ టీకా వేయించుకోలేదని ఆ జట్టు ఆటగాడు యోషువా కిమ్మిష్ టీవీలో ఒప్పుకున్నాడు. దీర్ఘకాలిక అధ్యయనాలు లేవన్నది అతని సందేహం. 2020 మార్చిలో సహచరుడు లియోన్ గోరెట్స్‌కాతో కలిసి కోవిడ్ సహాయ నిధి మొదలుపెట్టినవాడే ఈ మాట అనేసరికి అభిమానులు రెండుగా చీలిపోయారు. నవంబరులో కోవిడ్ సోకినవారి కాంటాక్ట్‌గా క్వారంటైన్‌లోకి వెళ్లి మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత తనకే కోవిడ్ సోకింది, ఊపిరితిత్తుల మీద ప్రభావం పడి ఆ ఏడాదిలో మళ్లీ మైదానంలో దిగలేదు. డిసెంబరులో టీకా వేయించుకుంటానని ప్రకటించాడు. అతన్ని తిట్టడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. సందేహం ఉన్న మనిషికి ప్రశాంతంగా జవాబు చెప్పే చోటు లేకపోతే ఆ సందేహం ఎంతమందికి పాకుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంగ్లండ్‌లోనూ అంతే. ప్రీమియర్ లీగ్ 2021 డిసెంబరులో ప్రకటించిన లెక్కల ప్రకారం కనీసం ఒక డోసు తీసుకున్న ఆటగాళ్లు 84 శాతం. దాని కింది స్థాయి ఈఎఫ్ఎల్ (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్)లో పాతిక శాతం ఆటగాళ్లు వేయించుకునే ఉద్దేశమే లేదన్నారు.

అన్ని టీకాలనూ ఒకే గాటన కట్టడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటదు. ఆ టీకా వద్దన్నవాడికి వచ్చే ముప్పు అతనిదే, పక్క సీటువాడికి సంబంధం లేదు. కోవిడ్ టీకా ప్రాణాపాయం నుంచి బాగా కాపాడింది కానీ, సోకకుండా, అంటించకుండా ఆపే శక్తి నెలల్లోనే తగ్గింది, ఒమిక్రాన్ వచ్చాక మరీ తగ్గింది. తట్టు సంగతి పూర్తిగా వేరు. రక్షణ లేని జనంలో ఒక రోగి 12 నుంచి 18 మందికి అంటిస్తాడు. రోగి వెళ్లిపోయిన గదిలో వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉంటుంది. ఒంటి మీద దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటించగలడు, అంటే తనకు తట్టు సోకిందని తెలియకముందే. రెండు డోసుల టీకా దాదాపు 97 శాతం మందిని కాపాడుతుంది. జనంలో 95 శాతానికి రక్షణ ఉంటేనే తట్టు ఆగుతుంది. తండ్రి భుజాలెక్కి మ్యాచ్ చూసే ఎనిమిది నెలల బిడ్డకు మన షెడ్యూలులో ఇంకా టీకా రాలేదు. క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లాడికి ఈ టీకా వేయకూడదు. వీళ్లకున్న రక్షణ చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకున్న టీకా ఒక్కటే. కాబట్టి వద్దనే స్వేచ్ఛ బరువు ధనుర్వాతం దగ్గర ఒకటి, తట్టు దగ్గర ఇంకొకటి.

సుప్రీంకోర్టు తీర్పు కూడా ఈ తేడాకు చోటిచ్చింది. చీరాల ప్రాంతం నుంచి వెళ్లిన జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం బలవంతపు టీకాను కాదంది కానీ, ప్రజారోగ్యం కోసం వ్యక్తి హక్కు మీద పరిమితులు పెట్టడానికి వీల్లేదని అనలేదు. ఆ పరిమితికి చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి తగినంతే ఉండాలి అంది. టీకా లేనివారి వల్లే కోవిడ్ ఎక్కువగా వ్యాపిస్తోందని చూపే సమాచారం ప్రభుత్వాలు ముందు పెట్టలేదు కాబట్టి, అప్పటి పరిస్థితిలో వారిని బహిరంగ స్థలాలకు రానివ్వకపోవడం తగదని చెప్పింది. టీకా తర్వాత వచ్చే దుష్ప్రభావాల వివరాలు ప్రజలకు అందుబాటులో పెట్టమనీ ఆదేశించింది. చట్టం, అవసరం, తగినంతే అన్న ఈ మూడు పరీక్షలూ ప్రతి నియమానికీ ముందే పెట్టుకుంటే ప్రతిసారీ కోర్టు మెట్లెక్కాల్సిన పని ఉండదు.

ఇక గేటు దగ్గర తనిఖీ సంగతి. మ్యాచ్ రోజున సర్టిఫికెట్లు చూసి లోపలికి పంపాలన్న సలహా మళ్లీ వస్తే, సంతకం పెట్టే ముందు ఈ లెక్క చూడండి. ఒక మనిషి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, గుర్తింపు కార్డుతో పేరు సరిచూడటానికి 20 సెకన్లు పడుతుందనుకుందాం. గేట్లు రెండు గంటల ముందు తెరిస్తే ఒక వరుసలో వెళ్లగలిగేది 360 మంది. 20 వేల మందికి 56 వరుసలు కావాలి. కానీ జనం లెక్కప్రకారం రారు. 12 వేల మంది చివరి 45 నిమిషాల్లో వస్తే 89 వరుసలు కావాలి. అన్ని వరుసలు మన ఏ స్టేడియంలో ఉన్నాయి? కిక్ ఆఫ్‌కు పది నిమిషాల ముందు బయట వేలమంది తోసుకుంటుంటే ఏ పోలీసు అధికారి అయినా తనిఖీ ఆపేసి గేట్లు తెరిపిస్తాడు, తెరిపించాలి కూడా. తొక్కిసలాట ఆ క్షణంలో వైరస్ కన్నా పెద్ద ప్రమాదం. ఇంగ్లండ్‌లో 2021 డిసెంబరు 15 నుంచి 10 వేలు దాటిన కార్యక్రమాలకు కోవిడ్ పాస్ తప్పనిసరి చేస్తే, పెద్ద స్టేడియాల్లో అందరినీ చూడటం కుదరక నమూనా తనిఖీలతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆరు వారాలకే ఆ నియమం పోయింది. అయినా అందులో ఒక మంచి ఉంది: టీకా వద్దన్నవారు 48 గంటల్లోపు చేయించుకున్న నెగెటివ్ పరీక్ష చూపించవచ్చు. ఎప్పుడైనా తప్పనిసరై నియమం పెడితే ఈ దారి మూయకండి. దారి మూస్తే దొంగ కాగితాలు పుడతాయి. జర్మనీ క్లబ్ వెర్డర్ బ్రెమెన్ కోచ్ మార్కుస్ అన్ఫాంగ్ నకిలీ టీకా సర్టిఫికెట్ వ్యవహారంలోనే 2021 నవంబరులో పదవి వదులుకున్నాడు. కోచే అలా చేస్తే గ్యాలరీలో స్క్రీన్‌షాట్ చూపించేవాణ్ని ఏమనగలం?

పైగా జబ్బు అంటుకునేది ఎక్కువగా స్టేడియం సీట్లలో కాదు. 2021 జూన్‌లో యూరో కప్‌తో ముడిపడిన 1,991 కేసులను స్కాట్లండ్ ప్రజారోగ్య సంస్థ గుర్తించింది. అందులో దాదాపు మూడింట రెండొంతుల మంది లండన్ వెళ్లొచ్చినవారే, కానీ వెంబ్లీ స్టేడియంలోకి అడుగుపెట్టినవారు 397 మంది మాత్రమే. మిగతావారికి రైళ్లు, బస్సులు, పబ్బులు, ఇళ్లు. మన దగ్గర కూడా అంతే. గచ్చిబౌలిలో ఆరుబయట కూర్చున్న అభిమాని కన్నా, అర్ధరాత్రి యూరప్ మ్యాచ్ కోసం కిటికీలు మూసి ఏసీ వేసిన హాల్లో రెండు వందల మందితో కూర్చున్నవాడికే ముప్పు ఎక్కువ. గేటు తనిఖీ ఆ హాలును చూడనే చూడదు.

తట్టు టీకాకైతే గేటు దగ్గర అడగడం బొత్తిగా పనికిరాదు. వేయించుకున్న రోజే రక్షణ రాదు, దాదాపు రెండు వారాలు కావాలి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజులుండాలి. అంటే తొలి మ్యాచ్‌కు 42 రోజుల ముందు మొదలుపెట్టాలి. పైగా పెద్దల దగ్గర చిన్ననాటి టీకా కార్డులుండవు. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో టీకా రికార్డులు ఉంచే యూ-విన్ గర్భిణులు, పిల్లల కోసం పెట్టింది, ముప్పై ఏళ్ల అభిమాని రికార్డు అందులో దొరకదు.

ముందే చెబితే మనవాళ్లు ఎంత తేలిగ్గా ఒప్పుకుంటారో హైదరాబాద్, విజయవాడ, విశాఖ క్లినిక్‌లలో ఏటా కనిపిస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాలకు వెళ్లే తెలుగు విద్యార్థులు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా రెండు డోసులు నాలుగు వారాల ఎడంతో వేయించుకుని, ఫారం మీద డాక్టరు సంతకం తీసుకుని విమానమెక్కుతారు. చాలాచోట్ల రక్తపరీక్షలో రక్షణ ఉన్నట్టు చూపినా సరిపోతుంది, వైద్య కారణాలకు మినహాయింపూ ఉంటుంది. దాన్ని ఎవరూ స్వేచ్ఛ మీద దాడి అనుకోవడం లేదు. నియమం నెలల ముందే తెలుసు, కారణం తెలుసు, వేరే దారి ఉంది.

అందుకే మేము కోరేది గేటు కాదు, శిబిరం. మలప్పురంలో సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే ఫుట్‌బాల్) టోర్నీలు దాదాపు నవంబరు నుంచి మే దాకా జరుగుతాయి. తట్టు విజృంభించే చలికాలం చివరి రోజులు, ఎండాకాలం తొలి రోజులు సరిగ్గా వాటి మధ్యలోనే పడతాయి. కాబట్టి శిబిరాలు సెప్టెంబరులో మొదలవ్వాలి. మనిషికి నాలుగు నిమిషాలు వేసుకుంటే ఒక టీకా కార్యకర్త గంటకు 15 మందికి వేయగలరు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వయల్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి, ఎండ తగలకూడదు. పొడి మందులో దాని సొంత ద్రావకమే కలపాలి. కలిపాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. ఈ నిబంధనలు తప్పడం వల్ల పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అలాంటి ఒక్క ఘటన జరిగితే ఆ జిల్లాలో పదేళ్ల నమ్మకం పోతుంది. పది డోసుల వయల్ వృథా అవుతుందని "పది మంది పోగయ్యాక రండి" అని పంపేయడం కూడా మానాలి. అలా వెనక్కి వెళ్లినవారు మళ్లీ రారు. ఒక్కరొచ్చినా వయల్ తెరవాలి. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వేయకూడదని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయాలి. వేశాక అరగంట కూర్చోబెట్టాలి, తీవ్ర అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి. కొందరికి వారం, పన్నెండు రోజుల మధ్య జ్వరం వస్తుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ జ్వరమే మరుసటి వారం వాట్సాప్ వదంతి అవుతుంది.

వదంతికి ఫుట్‌బాల్‌లో పెద్ద ఉదాహరణే ఉంది. 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో కుప్పకూలగానే టీకా వల్లేనని ప్రపంచమంతా ప్రచారం చేశారు. అతను అప్పటికి టీకానే వేయించుకోలేదని అతను అప్పుడు ఆడుతున్న ఇంటర్ మిలాన్ క్లబ్ డైరెక్టర్ చెప్పాడు. అబద్ధాన్ని తిప్పికొట్టాలంటే నిజం మొత్తం చెప్పే ధైర్యం కావాలి. కోవిషీల్డ్ రకం టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య, ఫైజర్, మోడర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాలతో ముఖ్యంగా యువకుల్లో అరుదుగా గుండె కండరాల వాపు వచ్చిన మాట నిజం. ఆ అంకెలు దాచకండి. టీకా తర్వాతి దుష్ప్రభావాల నివేదికలు జిల్లాలవారీగా, సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో, మలయాళంలో, బెంగాలీలో పెట్టండి. శిబిరంలో ఆటగాళ్లను పిలిస్తే సంతోషమే. అనస్ ఎడతొడిక, ఆషిక్ కురుణియన్ లాంటి భారత జట్టుకు ఆడినవారు మలప్పురం బిడ్డలే. కానీ వాళ్లు ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రమే చెప్పాలి. ఎందుకు అన్న ప్రశ్నకు డాక్టరే ఎదురుగా కూర్చుని జవాబివ్వాలి.

ఒక ఊళ్లో తట్టు బయటపడితే మాత్రం మెత్తబడకూడదు. రోగితో కలిసి తిరిగి, టీకా లేనివారికి 72 గంటల్లోపు టీకా ఇస్తే చాలావరకు జబ్బు ఆగుతుంది. అది వద్దంటే 21 రోజులు మ్యాచ్‌లకు, అకాడమీలకు, మ్యాచ్‌లు తెర మీద చూపే హాళ్లకు దూరంగా ఉండమని చెప్పే అధికారం జిల్లా వైద్యాధికారికి స్పష్టంగా రాసివ్వాలి. టికెట్ డబ్బు వెనక్కివ్వాలి. 21 రోజులయ్యాక అతను మళ్లీ అందరిలాగే గ్యాలరీలో కూర్చోవాలి. ఇది శిక్ష కాకూడదు, పేర్లు బయటపెట్టకూడదు. అవసరానికి తగినంతే అన్న కోర్టు మాటకు ఇంతకన్నా దగ్గరగా ఉండే నియమం మాకు కనిపించలేదు.

2026 నాటికి తట్టు, రుబెల్లాలను దేశం నుంచి పారదోలాలన్నది మీ శాఖ పెట్టుకున్న లక్ష్యమే. ఈ నియమాల ముసాయిదాను క్రీడల మంత్రిత్వ శాఖతో, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యతో కలిసి తయారుచేయించి, అభిమాన సంఘాల అభ్యంతరాలకు నెల రోజులు గడువిచ్చి, రాబోయే సెవెన్స్ సీజన్‌కు ముందే రాష్ట్రాలకు పంపించాలని కోరుతున్నాం. టీకా వద్దనేవారి అభ్యంతరాలు కూడా అదే గడువులో, అదే గౌరవంతో తీసుకోవాలి.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల ఫుట్‌బాల్ అభిమానులు, ప్రజారోగ్య రంగంలో పనిచేస్తున్నవారు