డీపీఎఫ్‌ను కోసేస్తే జబ్బు పోదు

సంపాదకులకు నమస్కారం.

2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యంపై బీఎస్-6 నిబంధన వచ్చాక అమ్మిన డీజిల్ పికప్ బళ్ళలో చాలావాటికి సైలెన్సర్‌కు ముందు డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటుంది. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, రాజోలు వైపు రొయ్యల ట్రేలు, కొబ్బరికాయలు మోసే బళ్ళలో ఇది తరచూ మూసుకుపోతోంది. ముందు డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది, కొన్నాళ్ళకు బండి లాగడం మానేస్తుంది. కొన్ని షెడ్లలో దీనికి చేస్తున్న వైద్యం ఏమిటంటే, డబ్బా కోసి లోపలి దిమ్మను పొడిచి తీసేసి, పైన వెల్డింగు కొట్టి, ఈసీఎంలో, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌లో, ప్రోగ్రాం మార్చేయడం. దయచేసి ఎవరూ ఈ పని చేయించుకోవద్దు.

డీపీఎఫ్ లోపల ఉండేది తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ. ఒక గదికి వెనుక మూత, పక్క గదికి ముందు మూత. పొగ గోడల్లోంచి వడకట్టుకుని పోతుంది, మసి గోడకు అంటుకుంటుంది. లోడుతో హైవే మీద పోతుంటే కొంత మసి ఆ వేడికే కాలిపోతుంది. అది చాలనప్పుడు ఈసీఎం అదనంగా కాస్త డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌లో వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. దీన్నే రీజెన్ అంటారు. దాదాపు 15, 20 నిమిషాలు పడుతుంది. అంతసేపూ బండి ఆగకుండా నడవాలి.

మన దగ్గర బండి నడిచే తీరు దీనికి పూర్తిగా ఎదురు. చెరువు గట్టు మీద ట్రేలు ఎక్కేదాకా ఇంజన్ ఆపరు. బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు పొగకు వేడి ఉండదు కనుక మసి చేరుతుందే తప్ప కాలదు. అక్కణ్ణుంచి గట్టు వెంట, కాలవ రోడ్డు వెంట రెండో గేరులోనో మూడో గేరులోనో నాలుగైదు కిలోమీటర్లు, మళ్ళీ ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆపడం. రీజెన్ సగంలో ఉండగా ఇలా పదేపదే తాళం తిప్పేస్తే, కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్కు మీద ఆయిల్ పై గీత దాటి ఉండి, డీజిల్ వాసన వేస్తే ఆ బండిని నడపకూడదు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ వెంటనే మార్చాలి. పల్చబడ్డ ఆయిల్‌తో ముందు ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో, ఆ తర్వాత బేరింగులు పోతాయి.

దీపం వెలిగి, బండి ఇంకా బాగానే లాగుతుంటే షెడ్డుకు పోనక్కర్లేదు. 216 హైవే ఎక్కి, టాప్ గేరుకు ఒకటి తక్కువలో, ఇంజన్ 2,000 ఆర్పీఎంకు తగ్గకుండా అరగంట నడపండి. ట్యాంకులో పావు వంతుకు పైగా డీజిల్ ఉండాలి. రిజర్వులో ఉంటే చాలా బళ్ళలో రీజెన్ మొదలవదు. రోజుకు ఐదొందలకు కొట్టించుకునేవాళ్ళు ఇది ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. దీపం మిణుకుతూ బండి శక్తి తగ్గించేసిందంటే మాత్రం హైవే మీద తోలి ప్రయోజనం లేదు, షెడ్డులో స్కానర్ పెట్టి రీజెన్ చేయించాలి, దీన్నే సర్వీస్ రీజెన్ అంటారు. రీజెన్ జరుగుతుండగా, అయిన వెంటనే కూడా, కళ్ళంలో ఎండుగడ్డి మీదా, పీచు ఆరబోసిన చోటా బండి ఆపకండి. అంత వేడికి అంటుకుంటుంది.

శుభ్రం చేయించిన కొన్నాళ్ళకే దీపం మళ్ళీ వస్తే, తప్పు ఫిల్టర్‌ది కాదు. మసి ఎక్కువ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కారుతోందా, టర్బో గొట్టం పగిలిందా, కొంత పొగను మళ్ళీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇరుక్కుపోయిందా చూడాలి. ఇంజన్ వేడెక్కుతోందని, చల్లబరిచే నీటిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను పీకేసే పాత అలవాటు ఇంకా పోలేదు. అది లేకపోతే ఇంజన్ తగిన వేడికి రాదు, రీజెన్ మొదలుకాదు. డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్‌కు రెండు సన్న గొట్టాలుంటాయి. అవి చిట్లినా, ట్రేల నుంచి కారే ఉప్పు నీళ్ళకు దాని కనెక్టర్ పచ్చబట్టినా ఈసీఎంకు తప్పు లెక్క అందుతుంది.

ఇంజెక్టర్లు పాడవడానికి ఇక్కడ పెద్ద కారణం నీళ్ళు. చెరువుల దగ్గర జనరేటర్ల కోసం డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌లో అడుగున నీరు చేరుతుంది. దాన్ని ఇంజెక్టర్లకు డీజిల్‌ను గట్టి ఒత్తిడితో పంపే ఈ కామన్ రైల్ ఇంజన్‌లో పోయకూడదు. డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూను వానాకాలంలో వారానికోసారి వదులుచేసి, తేటగా డీజిల్ వచ్చేదాకా గ్లాసులోకి వదిలి చూడండి.

ఇంజన్ ఆయిల్ మాన్యువల్లో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయాలి. మసి కాలుతుంది గానీ ఆయిల్ బూడిద ఏ రీజెన్‌కూ కాలదు, ఫిల్టర్ విప్పి కడిగించాల్సిందే. పొగను శుద్ధి చేసే డెఫ్ అనే ద్రవానికి వేరే ట్యాంకు ఉన్న బళ్ళలో పొలం యూరియాను నీళ్ళలో కలిపి పోసే ఆలోచన అసలు వద్దు. దానికి వేపనూనె పూత ఉంటుంది. డెఫ్ అంటే ఖనిజాలు తీసేసిన నీటిలో 32.5 శాతం శుద్ధమైన యూరియా.

ఫిల్టర్ పీకించిన బండిలో ఇంజెక్టర్ కారడం ఆగదు. దీపం ఉండదు కనుక పిస్టన్ కాలేదాకా తెలియదు. ఆ సన్నటి మసి మన వీధుల్లోనే పడుతుంది, పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా ఇది నేరం. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సుపై అనర్హత ఉన్నాయి.

రవాణా శాఖ డ్రైవర్లనే కాక, ఈ కోత పెట్టే షెడ్లను కూడా తనిఖీ చేయాలి. బండి అమ్మేవాళ్ళు డెలివరీ రోజునే ఈ దీపాల అర్థం, ఏ దీపానికి ఏం చేయాలో తెలుగులో ఒక స్టిక్కరు మీద అచ్చువేసి డ్రైవర్ కళ్ళెదుట అంటించాలి. ఇంగ్లిషు మాన్యువల్ డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటోంది.

– ఒక డీజిల్ ఇంజన్ మెకానిక్, పాలకొల్లు