బండి కిందకి దూరే ముందు ఇది చదువు

ఒరేయ్ మామా,

ఈసారి ట్రక్కుకి ఆయిల్ నేనే మార్చుకుంటానని నువ్వన్నప్పుడు ఎంత సంతోషమేసిందో. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, పైగా కిందకి దూరి చేతులు నల్లగా అయ్యాక మళ్ళీ నాకు ఫోన్ చెయ్యడం కుదరదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. పని కష్టమైందేమీ కాదురా, విప్పడం, కారనివ్వడం, బిగించడం, పోయడం, అంతే. గొడవంతా బిగింపు దగ్గరే వస్తుంది.

నీ బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి జాకీ అవసరం పడకపోవచ్చు. చదునైన నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి అడ్డు పెట్టు. ఒకవేళ పైకి లేపాల్సి వస్తే మాత్రం ఒక్క జాకీని నమ్ముకుని దూరకు, స్టాండ్లు వేశాకే దూరు. ఈ విషయంలో నిన్ను బతిమాలుతున్నాననుకో.

ఇంజిన్ ఓ ఐదు నిమిషాలు నడిపి ఆపు. ఆయిల్ కాస్త వేడెక్కితే పల్చబడి, అడుగున ఉన్న మురికిని కూడా వెంటబెట్టుకుని దిగుతుంది, కానీ దూరప్రయాణం చేసొచ్చిన వెంటనే మాత్రం విప్పకు, చెయ్యి కాలుతుంది. ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద బోల్ట్‌కి రింగ్ పానాయే వెయ్యి, మామూలు పానా అయితే జారి బోల్ట్ అంచులు అరిగిపోతాయి. చివరి రెండు మరలు చేత్తో, బోల్ట్‌ని పైకి నొక్కి పట్టుకుంటూ విప్పి, ఒక్కసారిగా పక్కకి లాగెయ్యి. మొదట ధార ఏటవాలుగా దూకుతుంది, తగ్గేకొద్దీ నిటారుగా పడుతుంది, ట్రేని దాని వెంట జరుపుతూ ఉండాలి. నల్లగా ఉందని కంగారు పడకు, డీజిల్ ఇంజిన్‌లో మసి వల్ల కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. చూడాల్సింది వేరే: ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నా, ఇనప రేకులు కనిపించినా బండిని నడపకుండా మెకానిక్‌కి చూపించు.

ఇప్పుడు బిగింపు సంగతి. ఒకసారి నా బండిని ఒక షెడ్డులో ఇచ్చా, అక్కడెవరో బలమంతా పెట్టి ఆ బోల్ట్ బిగించారు. తర్వాత నేను విప్పితే ఛాంబర్‌లోని మర కూడా స్ప్రింగులా దాంతోపాటు ఊడి వచ్చింది. ఎంత బాధేసిందో చెప్పలేను. ఛాంబర్ చాలాసార్లు అల్యూమినియంతో ఉంటుంది, బోల్ట్ ఇనుముది, గెలిచేది బోల్టే. లీకు ఆపేది బలం కాదు, వాషర్. ప్రతిసారీ కొత్త వాషర్ వేసి, చేత్తో తిప్పి మర సరిగ్గా పట్టిందని తెలిశాక, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించు.

ఫిల్టర్ మళ్ళీ వాడొచ్చులే అనుకోవద్దు. అది మూసుకుపోతే లోపలున్న బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిలే ఇంజిన్‌లోకి పోతుంది. డబ్బాలా ఉండే ఫిల్టర్ అయితే, పాతది తీశాక దాని రబ్బరు వాషర్ కూడా ఊడి వచ్చిందో లేదో తప్పకుండా చూడు! నేను ఒకసారి చూడలేదు. పాత రబ్బరు ఇంజిన్‌కే అంటుకుని ఉంది, దాని మీదే కొత్తది బిగించా, స్టార్ట్ చెయ్యగానే కింద ఆయిల్ మడుగు. వెంటనే ఆపాను కాబట్టి సరిపోయింది. కొత్త రబ్బరుకి వేలితో కాస్త ఆయిల్ రాసి, అది తగిలాక ఇంకో ముప్పావు చుట్టు చేత్తోనే తిప్పు, పానా జోలికి పోకు. అసలు లెక్క ఫిల్టర్ మీదే రాసి ఉంటుంది.

ఆయిల్ గ్రేడ్ మాన్యువల్ చెప్పిందే కొను. 15డబ్ల్యూ-40 అని ఉంటే, 15 చలిలో ఎలా పారుతుందో, 40 ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. చెప్పిన కొలత కంటే లీటరు తక్కువ పోసి, మూత పెట్టి స్టార్ట్ చెయ్యి. ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపెయ్యి, అది ఆరేదాకా యాక్సిలరేటర్ తొక్కకు. తర్వాత ఆపి, పది నిమిషాలాగి గేజ్ (ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) చూసి, పై గీత దాకా కొంచెం కొంచెంగా నింపు. ఎక్కువైతే క్రాంక్, అంటే ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగలో గాలి ఉంటుంది కాబట్టి బేరింగులకి ఆయిల్ సరిగ్గా అందదు.

పాత ఆయిల్ మట్టిలో, కాలువలో పొయ్యకురా, దయచేసి. వేరే ఏదీ కలపకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించేవాళ్ళకి ఇవ్వు, శుద్ధి చేస్తే అది మళ్ళీ ఆయిల్‌గా పనికొస్తుంది. గ్లౌజులు వేసుకో, ఆ నలుపు చర్మానికి మంచిది కాదు.

అంతా అయ్యాక తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకుని, రాత్రికి ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరిచి ఉంచు. తెల్లారాక దాని మీద చుక్క పడిందో లేదో చూసి నాకు ఫోన్ చెయ్యి, ఎదురు చూస్తుంటా.

నీ మామ