బన్నేరుఘట్ట ఏనుగుల దారిని తెగనివ్వకండి: కర్ణాటక అటవీ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక రాష్ట్ర అటవీ, జీవావరణ, పర్యావరణ శాఖల మంత్రివర్యులకు,

నమస్కారాలు.

నేను బెంగళూరు దక్షిణాన జిగణిలో ఇరవై ఆరేళ్లుగా నివసిస్తున్నాను. పుట్టి పెరిగింది చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గరి ఒక పల్లెలో. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో బహిరంగంగా రాయడానికి ఒక కారణం ఉంది. ఆనేకల్ తాలూకాలో, బన్నేరుఘట్ట అడవి అంచున ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ పొలాల పక్కనే లేచిన లేఅవుట్లలో ప్లాట్లు కొంటున్నవారిలోనూ మా తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. మిమ్మల్ని నేనేమి కోరుతున్నానో, ఎందుకు కోరుతున్నానో వాళ్లకు కూడా తెలియాలి.

1980ల నడుమ, నేను చిన్న బడిలో చదువుకుంటున్న రోజుల్లో, మా ఊరి రాగి చేలలోకి ఏనుగులు మొదటిసారి వచ్చాయి. ఊళ్లో అందరికంటే పెద్దవాళ్లు కూడా తమ తాతల నోట సైతం ఆ ప్రాంతంలో అడవి ఏనుగు ఉన్నట్టు వినలేదు. కుంట గట్టు బురదలో చేటంత అడుగు చూసి మా అవ్వ దాని పక్కన కర్పూరం వెలిగించి దండం పెట్టింది. ఆ రాత్రే అవి మా చెరుకు తోటలో సగం తొక్కేసి, మోటారు పైపులు విరిచేసి వెళ్లాయి. మరుసటి ఏడు మంచె కట్టుకొని, డబ్బాలు మోగిస్తూ, కాగడాలు పట్టుకొని మా నాయన కాపలా కాశాడు. భక్తి, భయం, నష్టం మూడూ ఒకే ఇంట్లో ఎలా కాపురం చేస్తాయో నాకు అప్పటినుంచి తెలుసు. అందువల్ల ఏనుగుల తరఫున మాట్లాడుతున్నంత మాత్రాన రైతు బాధ తెలియనివాడినని మీరు అనుకోరని నమ్ముతున్నాను.

ఆ ఏనుగులు ఎక్కడినుంచి వచ్చాయో నాకు బెంగళూరు వచ్చాకనే అర్థమైంది. హోసూరు, ధర్మపురి అడవుల్లో రాతి క్వారీలు, నరికివేత, కరువు ఒకటై తరిమితే అవి తూర్పుకు నడిచి కుప్పం, పలమనేరు గుట్టలు చేరుకున్నాయి. అక్కడే నిలదొక్కుకున్నాయి కాబట్టి 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని సుమారు 357 చదరపు కిలోమీటర్ల మేర ప్రకటించారు. ఒకచోట అడవి చెదిరితే దాని నష్టం వంద కిలోమీటర్ల అవతల, వేరే రాష్ట్రంలో, ఆ సంగతే తెలియని రైతు చేలో తేలుతుంది. మా ఊరు నాకు నేర్పిన పాఠం ఇది. ఇప్పుడు ఆ చెదిరే చోటు బన్నేరుఘట్ట కాబోతున్నదేమోనని భయంగా ఉంది.

బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానం 1974లో ఏర్పడింది. తర్వాత విస్తరించి ఇప్పుడు 260.51 చదరపు కిలోమీటర్లకు చేరింది. సెలవు రోజున సఫారీకి వెళ్లి పులినీ సింహాన్నీ చూసి వచ్చే నగరవాసుల్లో చాలామందికి, ఆ కంచెల వెనుక నిజమైన అడవి ఉందనీ, అది దక్షిణాన జవళగిరి, తళి అడవుల మీదుగా తమిళనాడులోకీ, కావేరి లోయలోకీ సాగుతుందనీ తెలియదు. కావేరి పొడవునా మీ రాష్ట్రంలో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన అభయారణ్యం ఉంది. తమిళనాడు వైపు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చాయి. అంటే దక్షిణాన రక్షణ పెరుగుతోంది. అదే అడవి ఉత్తరపు కొసన, బెంగళూరు ముంగిట మాత్రం తరుగుతోంది. బన్నేరుఘట్ట ఆకారం పొడవుగా ఉండి, కొన్నిచోట్ల మెడలా సన్నబడుతుంది. అలాంటి చోట ఇరుపక్కలా ఇళ్లు లేస్తే అడవి రెండు ముక్కలవుతుంది. పటంలో మాత్రం ఒకటిగానే కనబడుతూ ఉంటుంది.

ఏడాదిలో ఈ ఏనుగుల రాకపోకలకు ఒక క్రమం ఉంది. వానలు వెనకబట్టి రాగి వెన్ను గింజ పట్టే కార్తీక మాసం నాటికి గుంపులు దక్షిణం నుంచి కదులుతాయి. కొన్ని బన్నేరుఘట్ట అంచుల్లో తిరుగుతాయి, కొన్ని జవళగిరి దాటి హోసూరు దగ్గరి సానమావు వైపు పోతాయి. కోతలయ్యాక వెనుదిరుగుతాయి. గుంపును నడిపేది అందరికంటే వయసు మళ్లిన ఆడ ఏనుగు. ఏ వంకలో నీరు ఎప్పటిదాకా నిలుస్తుందో, ఏ బండ పక్కనుంచి దిగాలో దానికి తన తల్లి నేర్పింది. ఆ దారిలో ప్రహరీ కట్టినంత మాత్రాన అది దారి మరిచిపోదు. పక్కనున్న ఊరి వీధిలోంచి పోతుంది.

అయ్యా, నా మొదటి అభ్యర్థన ఉద్యానం చుట్టూ ఉన్న పర్యావరణ సున్నిత మండలం గురించి. 2016లో కేంద్రం ఇచ్చిన ముసాయిదా ప్రకటనలో ఈ మండలం విస్తీర్ణం 268.96 చదరపు కిలోమీటర్లు. కొన్నిచోట్ల అది అడవి హద్దు నుంచి నాలుగున్నర కిలోమీటర్ల వరకు వెళ్లింది. 2020 మార్చిలో వచ్చిన తుది ప్రకటనలో అది 168.84 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయింది, గరిష్ఠ దూరం ఒక కిలోమీటరుకు దిగింది. వంద చదరపు కిలోమీటర్లు తగ్గించమని రాగి పండించే రైతు ఎవరూ అడిగి ఉండరని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ మండలం రైతు భూమిని లాక్కోదు, సేద్యాన్ని ఆపదు, పశువుల పాకను పడగొట్టదు. అది ఆపేది వాణిజ్య గనుల తవ్వకాన్ని, రాతి క్వారీలను, కంకర మిల్లులను, కాలుష్యం చిమ్మే పరిశ్రమలను. హోటళ్లు, రిసార్టులు, పెద్ద కట్టడాల మీద పరిశీలన పెడుతుంది. ఆనేకల్ పల్లెల్లో చాలామందికి ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పలేదు. "మండలం వస్తే మీ భూమి పోయినట్టే" అని చెప్పినవాళ్లు మాత్రం ఇల్లిల్లూ తిరిగారు. మీ శాఖ వారు గ్రామసభల్లో కూర్చొని, కన్నడంలోనూ తెలుగులోనూ ఓపికగా వివరించి, 2016 నాటి హద్దును పునరుద్ధరించేలా కేంద్రానికి రాష్ట్రం తరఫున సిఫారసు పంపాలని కోరుతున్నాను.

రెండేళ్ల కిందట మా బంధువుల కోసం స్థలం చూడటానికి వెళ్లినప్పుడు ఒక ఏజెంటు మమ్మల్ని అడవి అంచున ఒక లేఅవుట్‌కు తీసుకెళ్లాడు. కిటికీ తెరిస్తే అడవేనని, అదే ఆ ప్లాటు విలువ అని చెప్పాడు. ఆ లేఅవుట్ వెనుక గోడకు అవతల, ఎండిన కుంటలో ఏనుగు లద్దె తాజాగా ఉంది. గోడకు ఒక చోట పెద్ద బీట, దానికి కొత్త సిమెంటు పూత. ఈ సంగతి ఏమిటని అడిగితే అతను మాట మార్చాడు. అక్కడ ఇల్లు కట్టుకోబోయే కుటుంబానికి, ముఖ్యంగా పిల్లలకు, ఆ గోడ ఏ రాత్రి ఏమి తెచ్చిపెడుతుందో చెప్పేవారు లేరు. మా వాళ్లు ఆ ప్లాటు కొనలేదు. కొన్నవాళ్ల మీద నాకు కోపం లేదు, జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో సొంత ఇల్లు కోరుకున్నారు అంతే. వారికి నిజం తెలిసే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. ఏనుగుల దారిలో ఉన్న సర్వే నంబర్లను గుర్తించి, ఆ సంగతి రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ భూమి రికార్డుల్లోనూ కనబడేలా చేయించండి. కొనేవారు సంతకం పెట్టేముందే చూసుకుంటారు.

కేంద్ర పర్యావరణ శాఖ 2023లో విడుదల చేసిన నివేదికలో దేశమంతటా 150 ఏనుగుల దారులను గుర్తించారు. బన్నేరుఘట్టలోని కరడిక్కల్-మహదేశ్వర దారి గురించి వన్యప్రాణి నిపుణులు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఇలాంటి దారుల్లో ఉన్న పట్టా భూములను బలవంతంగా తీసుకోవద్దు. అమ్మడానికి సిద్ధపడినవారి దగ్గర మార్కెట్ ధరకు కొనండి. అమ్మనివారితో, భూమిని సేద్యంగానే ఉంచి కట్టడాలు కట్టకుండా ఉన్నందుకు ఏటా పరిహారం ఇచ్చే ఒప్పందం చేసుకోండి. ఇప్పుడు ఎకరా ధర ఎక్కువని ఆగితే వచ్చే పదేళ్లలో ఏ ధరకూ దొరకదు.

పాత రైలు పట్టాలతో వేస్తున్న కంచెలు, కందకాలు, సోలార్ తీగలు కొన్ని ఊళ్లకు మేలు చేస్తాయి. వాటిని నేను వ్యతిరేకించను. అయితే కంచె పొలానికి అడ్డుగా ఉండాలి, దారికి అడ్డుగా కాదు. దారి మూసుకుపోయిన గుంపు కంచె చివర వెతుక్కుంటూ పోయి, ఏ రక్షణా లేని పక్క ఊరి మీద పడుతుంది. అక్కడ విసిగిన రైతు మెయిన్ లైన్ నుంచి నేరుగా తీగకు కరెంటు ఇస్తే ఏనుగు చస్తుంది, కొన్నిసార్లు మనిషీ చస్తాడు. ఇది ఏనుగులకే పరిమితం కాదు. 2023 నవంబరు మొదట్లో బెంగళూరులోని కూడ్లు గేటు దగ్గర ఇళ్ల మధ్య తిరిగిన చిరుతను పట్టుకునే ప్రయత్నంలో అది చనిపోయింది. ఆ వారం మా పిల్లలు వీధిలోకి వెళ్లడానికి భయపడ్డారు. నాకు ఆ భయం ఎంత గుర్తుందో ఆ చిరుత చావూ అంతే గుర్తుంది.

ఇక అడవి లోపలి సంగతి. బయటినుంచి పచ్చగా కనబడే చోట చాలావరకు లాంటానా కంప. బ్రిటిష్ వారి కాలంలో పూలమొక్కగా వచ్చిన ఈ కంప కింద గడ్డి మొలవదు, వెదురు మొలక లేవదు. దాన్ని ఏనుగు తినదు, దుప్పి తినదు. రోజుకు నూట యాభై కిలోల వరకు మేత కావలసిన జంతువుకు అడవిలో మేత లేకపోతే పక్కనున్న రాగి చేను పిలుస్తుంది. నీలగిరి (యూకలిప్టస్) చెట్లను కొత్తగా నాటడాన్ని 2017లోనే మీ రాష్ట్రం నిషేధించింది. అది మంచి నిర్ణయం. దానికి తోడు లాంటానాను వేళ్లతో పెకలించి, వరుసగా మూడు నాలుగేళ్లు తిరిగి మొలిచినదాన్ని పీకుతూ, ఆ చోట స్థానిక గడ్డి, వెదురు, అత్తి, మద్ది, చింత పెంచే పని మొదలుపెట్టాలి. ఒక్క ఏడాది నరికి వదిలేస్తే అది రెట్టింపు గుబురుగా వస్తుంది. మా పొలం గట్టు మీద దానితో కుస్తీ పట్టినవాడిగా చెబుతున్నాను. ఈ పనికి రాగిహళ్లి చుట్టుపక్కల ఉన్న ఇరుళిగ ఆదివాసీ కుటుంబాలకు మొదటి అవకాశం ఇవ్వండి, ఆ అడవిలో ఎక్కడ ఏ మొక్క ఉండేదో వారికి తెలుసు. 2024 ఫిబ్రవరిలో లాల్‌బాగ్‌లో నీలగిరి కొండల ఆదివాసీలు లాంటానా కంపతో చేసిన నిలువెత్తు ఏనుగులను నగరమంతా వచ్చి చూసింది. పీకిన కంపకు కూడా కూలి పుట్టించవచ్చని అది చూపించింది. అడవి లోపలి కుంటల పూడిక తీయించడం, మూతబడిన క్వారీ గుంతల గట్లు జంతువులు పడిపోకుండా చదును చేయించడం పెద్ద ఖర్చు లేని పనులు.

2023 గణన ప్రకారం మీ రాష్ట్రంలో 6,395 ఏనుగులు ఉన్నాయి. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. 2025 మే నెలలో విధాన సౌధ ముందు కుంకీ ఏనుగులను (అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ పొందినవాటిని) ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించిన దృశ్యాన్ని మా ఊళ్లో అందరూ టీవీలో చూశారు. పలమనేరు రైతుల కోసం మీ రాష్ట్రం చేసిన ఆ సాయానికి ఒక రైతు కొడుకుగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. కుంకీలు అడవి ఏనుగును పొలం నుంచి వెనక్కి మళ్లించగలవు. అది వెనక్కి వెళ్లడానికి అడవి ఉండాలి, అడవికి దారి ఉండాలి. ఆ సాయం స్ఫూర్తితోనే కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ అటవీ అధికారులు రాగి కోతల ముందు ప్రతి ఏటా ఒకచోట కూర్చొని, గుంపులు ఎటు కదులుతున్నాయో పంచుకునే ఏర్పాటుకు మీరు చొరవ తీసుకోవాలని మనవి. బన్నేరుఘట్టలో కదిలిన గుంపు వార్త హోసూరు రైతుకు ముందురోజే చేరితే అతను ఆ రాత్రి పొలంలో ఒంటరిగా పడుకోడు.

పంట నష్టం సంగతి కూడా ఒక్క మాట. అర్జీ పెట్టిన రైతు తాలూకా కచేరీ చుట్టూ నెలల తరబడి తిరిగితే అతనికి ఏనుగు మీద కాక ప్రభుత్వం మీద కోపం పుడుతుంది, ఆ కోపం చివరికి ఏనుగు మీదికే మళ్లుతుంది. కోత కాలం దాటకముందే డబ్బు ఖాతాలో పడేలా చూడండి.

వచ్చే కార్తీకంలో మీకు వీలైన ఒక రాత్రి, వెంట పెద్ద కాన్వాయ్ లేకుండా, ఆనేకల్ అడవి అంచున ఉన్న రాగి చేలకు రావలసిందిగా కోరుతున్నాను. నాకు తెలిసిన రైతులు మంచె మీద మీకు చోటు ఇస్తారు, సంగటి ముద్ద పెడతారు. గుంపు దిగి వచ్చే వంకనూ, దానికి అడ్డంగా లేస్తున్న గోడలనూ అక్కడినుంచే మీకు చూపిస్తారు.

ఇట్లు,
భవదీయుడు,
జిగణి నివాసి, పలమనేరు రైతు కుమారుడు